అభయహస్తం చెప్పే మాట

(నృసింహ జయంతి నాటి సాయంత్రం నంద్యాలలో జరిగిన సత్సంగంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు వైశాఖ శుద్ధ చతుర్దశి. పగలూ రాత్రీ కాని ప్రదోషవేళ స్వామి స్తంభం నుండి ఆవిర్భవించిన దినం. ఏటా ఈ వేదికపై ఆ ఘట్టాన్ని విన్నవించడం నాకు అలవాటు. ఈసారి నిర్వాహకుల అనుమతితో ఒక చిన్న విషయం ఎత్తుకుంటున్నాను. చిన్న పిల్లలు రాత్రిపూట పడే భయం గురించి మాట్లాడతాను. అది చిన్న విషయమే అనుకొని నేను ఒకప్పుడు పెద్ద తప్పు చేశాను. దానిని పదిమందిలో చెప్పుకోవలసిన బాధ్యత నాకున్నది.

కిందటి ఏడు ఇదే రోజు ప్రసంగం ముగిసిన తరువాత ఒక యువతి అయిదేళ్ల కూతురిని చంకనెత్తుకొని నా దగ్గరకు వచ్చింది. "అయ్యవారూ, దీపం పెట్టే వేళైతే చాలు, పాప నా కొంగు వదలదు. లైటు తీయనివ్వదు. అర్ధరాత్రి లేచి ఏడుస్తుంది. ఏదైనా స్తోత్రం చెప్పండి" అని అడిగింది. నేనొక స్తోత్రం పేరు చెప్పి పంపాను. ఆమె వెళ్లిన తరువాత నా మనస్సు కుదుటపడలేదు. ఆమె నోటితో అడిగినది స్తోత్రమే. ఆమెకు నిజంగా కావలసినది మాత్రం తన బిడ్డ మనస్సులో ఏమున్నదో తెలుసుకొనే ఉపాయం. దానిని గురించి నేను ఒక్క మాట చెప్పలేదు. ఆ బాకీ ఈ రోజు తీర్చుకుంటాను.

భయం దోషం కాదు

భగవంతుని నమ్మే ఇంట్లో పిల్లవానికి భయమెందుకని కొందరు తండ్రులు సిగ్గుపడతారు. తమ పెంపకంలోనే ఏదో లోపమున్నదని తల్లులు కుమిలిపోతారు. అటువంటివారు బృహదారణ్యకోపనిషత్తు మొదటి అధ్యాయంలోని సృష్టి ప్రకరణం వినాలి. ఆదిలో ఉన్నవాడు ఒకే ఒక్క పురుషుడు. చుట్టూ చూస్తే తాను తప్ప మరేమీ కనబడలేదు. అప్పుడాయన భయపడ్డాడట! అందుకే నేటికీ ఒంటరివాడు భయపడతాడని శ్రుతి చెబుతుంది. తరువాత, 'నేను తప్ప రెండవది లేనప్పుడు దేనికి భయపడాలి?' అని విచారించగా ఆయన భయం తొలగింది. ఆ వెంటనే, ఒంటరిగా ఉండడంలో సంతోషం లేక ఆయన రెండవ వ్యక్తిని కోరుకున్నాడు.

ఈ మాటలను పక్కపక్కన పెట్టుకొని నేను ఇలా అర్థం చేసుకుంటాను. ఒంటరితనపు దిగులు తీరడానికి విచారం ఒక దారి, తోడు మరొక దారి. విచారం జ్ఞానులకు. నాలుగేళ్ల పసివానికి ఆ మెట్టు అందదు. 'అక్కడేమీ లేదు పడుకో' అని మనం చెప్పేది ఆ విచారమార్గమే. వాడు మనలను అడిగేది తోడు. అడిగినది ఒకటి, ఇచ్చేది మరొకటి అయినప్పుడు ఏడుపు ఎలా ఆగుతుంది?

మూడేళ్ల నుండి ఆరేడేళ్ల వరకు పిల్లలలో ఊహాశక్తి విజృంభిస్తుంది. ఊహించినదానికీ ఉన్నదానికీ మధ్య గీత ఇంకా గట్టిపడదు. పగలంతా ఆటలో, మాటలో పడి ఆ ఊహలు అణగి ఉంటాయి. దీపం ఆర్పి, మాటలు ఆగిపోగానే పగలు విన్నవీ, చూసినవీ, అర్థం కానివీ ఒక్కొక్కటిగా లేస్తాయి. రాత్రి పుట్టిన భయానికి విత్తనం చాలాసార్లు పగలే పడి ఉంటుంది. ఆ విత్తనం వేసినవారు ఎవరో వెతికితే, తరచుగా అది మనమే!

పూర్వులు వద్దన్న పని

అన్నం తినకపోతే బూచాడు వస్తాడని, నిద్రపోకపోతే సంచివాడు ఎత్తుకుపోతాడని మనం అంటాం. ఇప్పుడు పోలీసులు వస్తారనీ, సూదివేసే డాక్టరు వస్తాడనీ అంటున్నాం. ఇది సంప్రదాయమని మీరనుకుంటే పొరపాటు. చరకసంహిత శారీరస్థానం 8వ అధ్యాయంలో పసిబిడ్డల పోషణను చెబుతూ చరకుడు, బిడ్డను భయపెట్టడం మంచిది కాదని విస్పష్టంగా అన్నాడు. బిడ్డ ఏడుస్తున్నా, తిననన్నా, మాట విననన్నా సరే, జడిపించడానికి రాక్షస, పిశాచ, పూతనాదుల పేర్లు ఎత్తరాదన్నాడు. సుశ్రుతుడు శారీరస్థానం 10వ అధ్యాయంలో బిడ్డను గద్దించరాదనీ, నిద్రిస్తున్న బిడ్డను హఠాత్తుగా లేపరాదనీ, అలా చేస్తే బెదురుతుందనీ హెచ్చరించాడు. ఈ సుశ్రుతుడే ఉత్తరతంత్రంలో 9 బాలగ్రహాలను వర్ణించాడు. గ్రహాలున్నాయని అంగీకరించిన ఆచార్యులే, వాటి పేరు చెప్పి బిడ్డను భయపెట్టవద్దన్నారు. ఇది మనం గమనించవలసిన సంగతి.

మరి దిష్టి తీయడం, విభూతి పెట్టడం వ్యర్థమా అని అడుగుతారు. నేనలా అనను. పూతన మరణించిన తరువాత గోపికలు బాలకృష్ణునికి చేసిన రక్షను భాగవతం దశమస్కంధం వర్ణిస్తుంది. వారు ఆవుతోకతో దిగదుడిచారు, గోధూళి అద్దారు, ఒక్కొక్క అవయవాన్ని తాకి ఒక్కొక్క భగవన్నామం పలికారు. ఆ బిడ్డ చుట్టూ ఎందరి చేతులున్నాయో చూడండి. విభూతి పెట్టే చేయి బిడ్డ నుదుటి మీద కాసేపు నిలిస్తే ఆ క్రియ సార్థకం. విభూతి పెట్టి, 'ఇక నోరు మూసుకొని పడుకో' అంటే అది కేవలం బూడిద.

నేను చేసిన తప్పు

ఇక నా కథ. సుమారు నలభై ఏళ్ల కిందటి మాట. నేను నంద్యాలలో సంస్కృతోపాధ్యాయునిగా ఉండేవాడిని. మా అబ్బాయికి అప్పుడు ఆరో ఏడు. ఆ ఏడు శ్రావణంలో మా అమ్మగారు నిద్రలోనే పరమపదించారు. తెల్లవారి అవ్వను లేపడానికి వెళ్లినది మా అబ్బాయే. పరామర్శకు వచ్చినవారంతా, 'పుణ్యాత్మురాలు, నిద్రలోనే వెళ్లిపోయింది' అన్నారు. పిల్లవాడు నన్ను అడిగితే, నేను పండితుణ్ణి గదా, మెత్తని మాట వెతికి, "అవ్వ దీర్ఘనిద్రలోకి వెళ్లింది నాయనా" అన్నాను. అందమైన మాట చెప్పానని నాకు తృప్తి కూడా కలిగింది.

పదిరోజులు గడిచాయి. పిల్లవాడు పడుకోననడం మొదలుపెట్టాడు. కథలు చెప్పమంటాడు, నీళ్లడుగుతాడు, కడుపు నొప్పంటాడు. అర్ధరాత్రి లేచి కూర్చుంటాడు. మా ఇంటావిడ ఒకనాడు, "వాడు రాత్రిళ్లు లేచి నా ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తున్నాడండీ" అన్నది. నేను వినిపించుకోలేదు. గారాబం ఎక్కువైందన్నాను. మగపిల్లవానికి పిరికితనం అలవాటు కాకూడదని వానిని వేరే గదిలో పడుకోబెట్టి బయట గొళ్లెం పెట్టాను. ఆ రాత్రి వాడు తలుపు కొట్టి ఏడిస్తే, తెరిచి చేయెత్తాను. దెబ్బ పడలేదు గాని చేయి లేచింది. వాడు ఏడుపు మింగేశాడు. మరునాటి రాత్రి చప్పుడు చేయలేదు. నా శిక్షణ ఫలించిందని నేను సంతోషించాను.

ఆ వారంలోనే ఒక గ్రామం వారు అభయాంజనేయస్వామి విగ్రహం చేయిస్తూ, లక్షణాలు ధ్యానశ్లోకానికి సరిపోయాయో లేదో చూసి చెప్పమని నన్ను ఆళ్లగడ్డకు పంపారు. సెలవుదినం కావడంతో పిల్లవానిని కూడా వెంటబెట్టుకొని, సిరివెళ్ల మీదుగా బస్సులో వెళ్లాను. ఆళ్లగడ్డ శిల్పుల ఊరని మీకు తెలుసు. దూరం నుంచే ఉలి చప్పుడు వినిపిస్తుంది. ఒంటిమీద రాతిపొడి లేని మనిషి కనబడడు. స్వామి విగ్రహం నేలమీద వెల్లకిలా పరుండి ఉన్నది. ముఖం పూర్తయింది. కళ్లు మాత్రం ఇంకా తీర్చలేదు.

పిల్లవాడు చాలాసేపు ఆ ముఖాన్నే చూసి, "తాతా, స్వామి నిద్రపోతున్నాడా?" అని శిల్పిని అడిగాడు.

"లేదు నాయనా! ఇంకా కండ్లు తెరిపించలేదు. అన్నీ అయినాక కడపట కండ్లు తెరిపిస్తాం" అన్నాడాయన.

"మరి మా అవ్వకు కండ్లు ఎవరు తెరిపిస్తారు?"

శిల్పి ఉలి ఆపి నా వంక చూశాడు. పిల్లవాడు నా వైపు తిరిగి, "నాయనా, అమ్మ కూడా రోజూ నిద్రపోతుంది గదా?" అన్నాడు.

భగవద్బంధువులారా! వ్యాకరణం, సాహిత్యం అంతా చదివి, నా బిడ్డకు నేనిచ్చిన ఒక్క మాట వాని మనస్సులో ఏమైందో తెలుసుకోలేకపోయాను. నిద్రపోయినవారు మళ్లీ లేవరని వాడు గ్రహించాడు. అందుకే తాను నిద్రపోవడానికి భయం. తల్లి నిద్రపోతే మరింత భయం. ఆమె శ్వాస ఆడుతున్నదో లేదో రాత్రంతా కాపలా కాస్తున్నాడు. అటువంటి బిడ్డను నేను తల్లికి దూరంగా గదిలో పెట్టి గొళ్లెం వేశాను.

కొంతసేపు ఎవ్వరమూ మాట్లాడలేదు. చివరకు ఏదో ఒకటి మాట్లాడాలని, "ఆచారిగారూ, ఈ కుడిచేయి చక్కగా కుదిరింది" అన్నాను. ఆయన ఆ చేతిమీది పొడి తుడుస్తూ, "ఈ చేయి చెక్కడమే కష్టం సామీ. అరచెయ్యి కొంచెం ముందుకు వాలిందంటే కొట్టే చెయ్యిలాగ కనబడుతుంది" అన్నాడు. ఆయన తన పని గురించి చెప్పాడు. నాకు మాత్రం రెండు రాత్రుల కిందట లేచిన నా చేయి గుర్తుకు వచ్చింది.

బస్సులో తిరిగి వస్తూ పిల్లవానిని ఒళ్లో కూర్చోబెట్టుకొని స్పష్టంగా చెప్పాను. "అవ్వ నిద్రపోలేదు నాయనా, చనిపోయింది. నేను తప్పు మాట చెప్పాను. అవ్వ ఒళ్లు ముసలిదైపోయి ఆగిపోయింది. నిద్ర వేరు. నిద్రపోయినవాళ్లు లేస్తారు. అమ్మ లేస్తుంది, నేను లేస్తాను, నువ్వు లేస్తావు." వాడు వెంటనే, "నువ్వు చచ్చిపోతావా?" అని అడిగాడు. ఎన్నడూ చావనని చెప్పాలని నోటిదాకా వచ్చింది. మళ్లీ అబద్ధం చెప్పదలచుకోలేదు. "అందరం ఎప్పుడో ఒకప్పుడు పోతాం. నువ్వు పెద్దవాడివై, నీకు పిల్లలు పుట్టేదాకా ఉండాలని నా కోరిక. ఇప్పుడైతే నీ దగ్గరే ఉన్నాను. రాత్రి భయమేస్తే నన్ను లేపు, కోపపడను" అన్నాను. ఆ రాత్రి మూడుసార్లు లేపాడు. మూడుసార్లూ పలికాను. భయం ఒక్కనాటితో పోలేదు. దసరా వెళ్లి, సంక్రాంతి వచ్చేనాటికి గాని వాడు తెల్లవార్లూ నిద్రపోలేదు.

అభయహస్తం అర్థం

అప్పటినుండి ఏ ఆలయంలో అభయముద్ర చూసినా నాకు ఒకటే తోస్తుంది. ఆ చేయి 'భయపడవలసినదేమీ లేదు' అని వాదించదు. 'నేనున్నాను' అంటుంది. తల్లిదండ్రులు రాత్రివేళ చేయవలసిన పని ఇదే. మంచం కింద భూతం లేదని రుజువు చేయబోతే, ఈ రాత్రి మంచం కింద చూస్తారు, రేపు అలమార చూడమంటారు, ఎల్లుండి కిటికీ. రుజువుకు అంతం లేదు. బిడ్డ పక్కన కూర్చొని, చేయి పట్టుకొని, "నీకు ఎలా ఉంది? ఏమవుతుందని అనిపిస్తున్నది?" అని అడగండి. అడిగి ఊరుకోండి. జవాబు వెంటనే రాదు. చీకటిలో రాని జవాబు మరునాడు పగలు, నీళ్లు పోసేటప్పుడో జడ వేసేటప్పుడో వస్తుంది. అప్పుడు నవ్వకండి. పదిమందిలో చెప్పి నవ్వించకండి.

రాత్రి భయాలన్నీ ఒక జాతివి కావు. గుర్తు తెలిస్తే సగం దిగులు తీరుతుంది. పడుకోబోయే ముందు పట్టుకొనే దిగులు ఒకటి. దానికి వినే చెవి కావాలి. తెల్లవారుజామున వచ్చే పీడకల మరొకటి. బిడ్డ పూర్తిగా మేలుకొంటుంది, కల గుర్తుంటుంది, మనలను గుర్తుపడుతుంది. దగ్గరకు తీసుకుంటే చాలు. మూడవది, నిద్రపట్టిన రెండు మూడు గంటలలోపు గాఢనిద్ర నడుమ బిడ్డ కేకవేసి లేచి కూర్చోవడం. కళ్లు తెరిచే ఉంటాయి గాని మనలను గుర్తించదు, ఓదార్చబోతే తోసివేస్తుంది. మన పెద్దలు జడుసుకున్నదని అంటారు. చూసేవారికి గుండె జారుతుంది. అయినా తెల్లవారి అడిగితే బిడ్డకు ఏమీ గుర్తుండదు. అటువంటప్పుడు కుదిపి లేపవద్దు. దెబ్బ తగలకుండా పక్కన ఉంటే కొద్దినిమిషాలలో తానే మళ్లీ నిద్రలోకి జారుకుంటుంది. హఠాత్తుగా లేపరాదన్న సుశ్రుతుని మాటను ఇక్కడ స్మరించుకోండి.

భయాలు వారాల తరబడి తగ్గకపోయినా, నిద్రలో గురకపెట్టి ఊపిరి ఆగుతున్నట్లున్నా, కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నా పిల్లల వైద్యునికి చూపించండి. తాయెత్తు కట్టినా కట్టండి, వైద్యం మాత్రం మానకండి. ఇంకొక్క మాట. బిడ్డ ఒక మనిషిని చూసి గాని, ఒక ఇంటికి వెళ్లడానికి గాని భయపడుతుంటే, 'పెద్దవారిని అలా అనకూడదు' అని నోరు మూయించకండి. తలుపు వేసి, దగ్గర కూర్చోబెట్టుకొని, పూర్తిగా వినండి.

ధైర్యం ఎలా నేర్పాలి అంటారా? ఉరుము ఉరిమితే మనవారు పిల్లలచేత అర్జునుని నామాలు చెప్పిస్తారు. ఆ పది నామాల కథ విరాటపర్వంలోనిది. కౌరవసేనను చూసి రథం దూకి పారిపోయిన ఉత్తరకుమారుడు కూడా భయపడిన బాలుడే. అర్జునుడు వెంటపడి పట్టుకొని ఊరడించాడు. యుద్ధం తాను చేస్తానన్నాడు. ఉత్తరుని చేతికి పగ్గాలిచ్చాడు. ఆ తరువాతనే తన పది నామాలు చెప్పి నమ్మకం కలిగించాడు. పెద్ద బరువు పెద్దవాడు మోసి, చిన్న పని చిన్నవాని చేతికిచ్చాడు. మీరూ అలాగే దీపం తగ్గించే పని, తలుపు గడియ చూసే పని, నామం మొదలుపెట్టే పని బిడ్డకివ్వండి. చేతిలో పని ఉన్నవానికి బెదురు తగ్గుతుంది. పడుకోబోయే గంట ముందు టీవీ, సెల్‌ఫోను కట్టిపెట్టండి. రోజూ ఒకే వేళకు, ఒకే వరుసలో కాళ్లు కడగడం, కథ, నామం, నిద్ర జరగనివ్వండి.

ప్రహ్లాదుని రెండు ఒడులు

ఆళ్లగడ్డకు సుమారు 25 కిలోమీటర్ల దూరంలోనే నవనారసింహ క్షేత్రమైన అహోబిలం ఉన్నది. ఈ పుణ్యదినాన ప్రహ్లాదుని తలచుకొని ముగిస్తాను. భాగవతం సప్తమస్కంధంలో హిరణ్యకశిపుడు కొడుకును ఒడిలో కూర్చోబెట్టుకొని, ఏమి నేర్చుకున్నావో చెప్పమని ముద్దుగా అడిగాడు. బిడ్డ తన మనస్సులో ఉన్నది చెప్పాడు. ఆ జవాబు తండ్రికి నచ్చలేదు. ఒడిలోనుంచి కింద పడదోశాడు. అడిగినవాడు తానే, ఒడి తీసివేసినవాడూ తానే. మనం పిల్లలను 'ఎందుకేడుస్తున్నావు, చెప్పు' అని అడిగి, చెప్పగానే 'ఇంతోటిదానికా!' అని కసిరినప్పుడు చేస్తున్నది అదే.

హిరణ్యకశిప సంహారం తరువాత స్వామి ఉగ్రరూపాన్ని సమీపించడానికి దేవతలు జంకారు. లక్ష్మీదేవి సైతం దగ్గరకు రాలేదు. బ్రహ్మ ఆ పసివానిని పంపాడు. వాడు వెళ్లి పాదాలమీద పడగా, స్వామి లేవనెత్తి వాని తలమీద చేయి ఉంచాడు. అప్పుడే రాక్షసుని చీల్చిన చేయి అది! ఎంతటి ఉగ్రమూర్తి అయినా బిడ్డ తల తాకేటప్పుడు ఆ చేయి ఎలా మారిందో చూడండి. తండ్రి ఒడిలో దొరకని చోటు ఆ బాలునికి అక్కడ దొరికింది.

మా అబ్బాయికి ఇప్పుడు నలభై అయిదు దాటాయి. కిందటి సంక్రాంతికి వచ్చినప్పుడు ఆళ్లగడ్డ ప్రయాణం గుర్తున్నదా అని అడిగాను. విగ్రహం గుర్తు లేదన్నాడు, శిల్పి గుర్తు లేదన్నాడు. "ఆ గది తలుపు మాత్రం గుర్తుంది నాన్నా" అన్నాడు. అన్ని రాత్రులు నేను లేచి పలికాను గదా అనుకున్నాను గాని పైకి అనలేదు. క్షమించమని అడిగాను. వాడు నవ్వి, ఆ మాట దాటవేసి, పక్కగదిలో మనుమరాలు పిలిస్తే లేచి వెళ్లాడు. చాలాసేపు రాలేదు. వెళ్లి చూస్తే, చీకట్లో దాని మంచం పక్కన నేలమీద కూర్చొని ఉన్నాడు. దాని చేయి వాని చేతిలో ఉన్నది.

కాబట్టి తల్లులారా, తండ్రులారా! ఈ రాత్రి ఇంటికి వెళ్లిన తరువాత మీ బిడ్డ పిలిస్తే, పలకండి. పగలంతా పనిచేసి అలసిపోయి ఉంటారు, నాకు తెలుసు. అయినా పలకండి. కిందటేడు వచ్చిన ఆ తల్లి ఈ సభలో ఉంటే, అమ్మా, నీకు చెప్పిన స్తోత్రం మంచిదే. దానిని బిడ్డను ఒళ్లో పెట్టుకొని చదువు.

ప్రహ్లాదవరదుడు మీ ఇండ్లలోని పసివారికందరికీ సుఖనిద్రను ప్రసాదించుగాక.

స్వస్తి.